పచ్చరంగు అడగడానికి వచ్చినవాడు

ఆ వారం ప్లానింగ్ ఆఫీసు మెట్లెక్కిన ప్రతివాళ్ళదీ ఒకటే పాట. "మా భూమికి పచ్చరంగు ఎవరు వేశారు? ముందు అది తీసెయ్యండి."

ఊరు చూస్తే పొలాల మీద పడి పరుగులు తీస్తోంది. దాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలని కొత్త జోనింగ్ మ్యాప్ గీశారు. పచ్చరంగు వేసినచోట వ్యవసాయమే చేసుకోవాలి, ప్లాట్లు వేయకూడదు. పసుపు వేసినచోట ఇళ్ళు కట్టుకోవచ్చు. ఆ రంగులు నింపింది ఆఫీసులో అందరికంటే చిన్నదైన ప్లానర్. ఎప్పుడు చూసినా చేతిలో స్టీలు స్కేలు ఉంటుందని అందరూ ఆమెని 'స్కేలమ్మ' అనేవాళ్ళు. మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తోంది, ఎవర్ని పిలిచారా అని.

ఆరోజు పొద్దున్నే ఒక కుర్రాడు బురద బూట్లతో విసురుగా లోపలికి వచ్చాడు. వర్షంలో తడిసిన జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. చేతిలో హెల్మెట్.

"ఈ మ్యాప్ గీసిన మహానుభావుడు ఎవరండీ?"

"మహానుభావురాలు," అంది స్కేలమ్మ తలెత్తకుండానే. "నేనే. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. మా పొలం..."

"తెలుసండీ. మీరు చెప్పబోయేది నిన్న పదిమంది చెప్పారు. ముందు నా మాట వినండి." స్కేలు పక్కన పెట్టి అందుకుంది. "ప్లాట్లేస్తే ఒక్కసారి లాభం. పొలం ఉంటే ఏటా పంట. కాంక్రీటు పోశాక మీరు ఎంత ఏడ్చినా ఆ నేల వెనక్కి రాదు. వాన నీళ్ళు ఇంకే చోటు లేక ఊరి వీధుల్లోకి వస్తాయి. రేపు మీ పిల్లలు వంకాయ చెట్టు ఎలా ఉంటుందని అడిగితే ఫోన్లో చూపిస్తారా?"

"మేడమ్, ఒక్క నిమిషం..."

"నన్ను పూర్తి చెయ్యనివ్వండి!"

అతను కుర్చీ లాక్కుని కూర్చుని, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, పాఠం వినే బుద్ధిమంతుడిలా చివరిదాకా విన్నాడు. ఆమె మంచినీళ్ళు తాగడానికి ఆగింది.

"చాలా బాగా చెప్పారు. ఒక్క ముక్క కాదనను," అన్నాడు. "మరి మా పొలానికి పచ్చరంగు ఎందుకు వేయలేదు?"

నీళ్ళు గొంతుకి అడ్డంపడ్డాయి.

పక్క బల్ల దగ్గర డ్రాఫ్ట్స్‌మన్ బాబాయ్, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, పెన్సిలు చెక్కడం ఆపేసి కిటికీ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి.

"మీకు... పచ్చరంగు కావాలా?" అంది ఆమె దగ్గు ఆపుకుంటూ.

"కావాలి. కాలవ పక్కన మిరప, టమాటా, వంగ పండిస్తాం. మీ మ్యాప్‌లో మాది పసుపు. కింద 'బీడు' అని రాశారు కూడాను. మా అమ్మ చదివి నిన్నటినుంచి పొయ్యి దగ్గర గిన్నెలతో మాట్లాడుతోంది, నాతో మాట్లాడటం లేదు."

స్కేలమ్మ గబగబా శాటిలైట్ ఫొటో తీసి చూసింది. నిజమే, ఆ చోట ఉత్త మట్టి. ఫొటో తీసిన నెల చూసి నాలిక కరుచుకుంది. నడి వేసవి.

"అప్పుడు దున్ని వదిలేశారా?"

"నేల కూడా ఊపిరి పీల్చుకోవాలి కదండీ."

"సరే. రేపు నేనే వచ్చి చూస్తాను. కానీ చూసిందే రాస్తాను, మీరు చెప్పింది కాదు."

"అదే కావాలి." లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఉపన్యాసం బాగుంది. రేపు మిగతాది వింటాను."

అతను వెళ్ళాక బాబాయ్ తాపీగా అన్నాడు. "అమ్మాయ్, మిరపకాయ పండించేవాడు మిరపకాయలాగే ఉన్నాడు."

ఆ పేరు ఆఫీసులో అక్కడికక్కడే ఖాయమైపోయింది.

* * *

మర్నాడు ఆమె పొలమంతా కలియతిరిగింది. మూడు చోట్ల గోతులు తవ్వించి మట్టి చూసింది. కాలవ నీళ్ళు ఎంత దూరం పారతాయో కొలిచింది. అతను టేపు రెండో కొస పట్టుకుని వెంట నడిచాడు. పొలం నల్లగా, మెత్తగా, పిడికిట్లో పడితే ముద్దయ్యే నేల. దీన్ని బీడు అన్నందుకు ఆమెకి లోపల సిగ్గుగానే ఉంది.

రోడ్డు వైపు మూలకి వచ్చేసరికి ఆగిపోయింది. "ఈ మూల పచ్చలో పెట్టను."

"ఏం? ఇదీ మాదే!"

"మీదే. కానీ రోడ్డు వేసినప్పుడు ఇక్కడ రాళ్ళూ కంకరా పోశారు. మోకాలి లోతు దాకా మట్టి లేదు. ఇక్కడ గిడ్డంగి కట్టుకోవచ్చు, పొలం అని మాత్రం రాయలేను. మీరు ప్రేమించినంత మాత్రాన అది పొలం అయిపోదు."

అతను వాదించబోయి, ఆమె పట్టిన పట్టు చూసి నవ్వేశాడు. "ప్రేమిస్తే చాలదంటారు. ఇంకేం కావాలి?"

"సారం," అంది ఆమె ఠక్కున. అన్నాక చెవులు వేడెక్కాయి.

అంతలో చినుకులు టపటపా మొదలయ్యాయి. ఇద్దరూ మోటారు షెడ్డులోకి పరుగెత్తారు. రేకుల మీద వాన చప్పుడుకి మాట్లాడాలంటే దగ్గరగా నిలబడక తప్పలేదు. అతని తల్లి గొడుగేసుకుని ఫ్లాస్కుతో టీ తెచ్చింది.

"నువ్వేనా తల్లీ మా నేలని బీడన్నది?"

"నేనే అండీ. తప్పయింది. దిద్దడానికే వచ్చాను."

ఆవిడ ఆమెని ఎగాదిగా చూసింది. బురదలో మడమల దాకా దిగిపోయిన చెప్పులు, గోళ్ళలో మట్టి. "దిద్దేవాళ్ళు ఇంత దూరం వస్తారని అనుకోలేదు," అని టీ ముందు ఆమెకే పోసింది. కొడుక్కి మిగిలింది అడుగున ఉన్న అరకప్పు.

"ఆ పక్క నాలుగెకరాలు ఎవరివి?" అడిగింది స్కేలమ్మ, టీ ఊదుకుంటూ.

"ఎవరో బిల్డర్ కొన్నాడు. రాళ్ళు పాతించాడు, మనిషిని మాత్రం చూడలేదు."

ఆమె గట్టు మీద రాళ్ళకేసి చూసింది. వాటి మీద ఎర్రరంగుతో రాసిన రెండక్షరాలు వాన నీళ్ళలో మెరుస్తున్నాయి. ఆ గుర్తు ఆమెకి చిన్నప్పటినుంచీ తెలుసు. వాళ్ళ నాన్నది.

గబగబా టీ తాగేసి, వాన తగ్గకముందే బయల్దేరింది. నేరుగా పెద్ద ఆఫీసరు గదికి వెళ్ళింది.

"మేడమ్, కాలవ పక్క భూముల్లో మా నాన్నది ఉంది. నాకూ ఇప్పుడే తెలిసింది. ఆ ముక్క నా చేతిలోంచి తీసేసి ఇంకొకరికి ఇవ్వండి."

పెద్దావిడ కళ్ళజోడు పైకి నెట్టుకుంది. "మట్టి ఎలా ఉంది?"

"గట్టుకి ఇటూ అటూ ఒకటే నేల. బంగారంలా ఉంది."

"మరైతే అదే రాయి. ఇంకొకరిచేత కూడా చూపిస్తాను. నిర్ణయం ఎలాగూ కమిటీది. జనం అభ్యంతరాలు వినే సభలో ఈ సంగతి నీ నోటితో నువ్వే చెప్పాలి, చెప్పగలవా?"

"చెప్తాను."

* * *

అతనికి మాత్రం చెప్పలేకపోయింది. సభ దాకా ఆగుదాం అనుకుంది. ఈలోగా ఎవరో చెప్పేశారు.

అతను ఆఫీసుకి వచ్చాడు. ఈసారి విసురు లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"ఆ బిల్డర్ మీ నాన్నగారట."

"అవును."

"మోటారు షెడ్డులో తెలుసా?"

"రాళ్ళు చూశాక తెలిసింది."

"ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!" గొంతు తగ్గించాడు. "మా పొలమూ, పక్కన మీ నాన్నగారిదీ పసుపు ఎందుకయ్యాయో ఇప్పుడు తెలిసింది."

బాబాయ్ కుర్చీ కిర్రుమంది. ఏదో అనబోతుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"సభకి రండి," అంది. "అక్కడ మాట్లాడదాం."

ఆ సాయంత్రం నాన్న వరండాలో కూర్చుని బూట్లు విప్పుకుంటుంటే ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయన పెద్ద బిల్డర్ అయ్యాక కూడా తాపీ పట్టుకోవడం మానలేదు. గోడ వంకరగా ఉందంటే మేస్త్రీని తిట్టడు, తనే కూల్చి తనే కడతాడు.

"నాన్నా, కాలవ దగ్గర నీ నాలుగెకరాలూ పచ్చరంగులోకి వెళ్తున్నాయి."

బూటు చేతిలోనే ఉండిపోయింది. "ఎవరు వేశారు?"

"నేనే."

ఆయన బూటు పక్కన పెట్టాడు. "నేను అక్కడ ముప్పై ఇళ్ళు కడదామనుకున్నాను, తెలుసా?"

"ఇళ్ళు వద్దనలేదు నాన్నా. అక్కడ వద్దన్నాను."

"సభకి నేనూ వస్తాను. అందరితోపాటు నా అభ్యంతరం నేనూ చెప్పుకుంటాను."

"రా నాన్నా," అంది.

* * *

సభరోజు హాలు కిక్కిరిసింది. కుర్చీలు చాలక జనం కిటికీలెక్కారు. అతను తల్లితో వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముందు వరసలో నాన్న, చేతులు కట్టుకుని.

స్కేలమ్మ తెర మీద కొత్త మ్యాప్ వేసింది. కాలవ పొడుగునా పచ్చరంగు.

"ముందుగా ఒక మాట. ఈ పచ్చలో ఈ నాలుగెకరాలు మా నాన్నగారివి. ఈ సంగతి మా ఆఫీసులో రాసి ఇచ్చాను. మట్టిని నాతోపాటు ఇంకో అధికారి విడిగా పరీక్షించారు."

హాలంతా గుసగుసలు. వెనక గోడ దగ్గర ఒక మనిషి తల దించుకున్నాడు.

"సొంత నాన్న నోట్లోనే మట్టి కొట్టావా అమ్మా!" అని ఎవరో అరిచారు.

ఆమె ఆగలేదు. "ఊరికి ఇళ్ళు కావాలి. స్టేషను వెనక బండనేల ఉంది. గడ్డి కూడా మొలవదు. అక్కడ నాలుగంతస్తుల దాకా కట్టుకోవచ్చు. పచ్చలో భూమి ఉన్నవాళ్ళకి అక్కడ ఇంకో అంతస్తు అదనంగా కట్టుకునే హక్కు ఇస్తాం. వాడుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు."

అప్పుడు నాన్న లేచాడు.

"బండ మీద పునాదికి ఖర్చెక్కువ. అది మీకు తెలుసా?" కూతుర్ని 'మీరు' అన్నాడు, అధికారిని అడిగినట్టే.

"తెలుసండీ. కానీ కుంగదు."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "నా భూమి పసుపులో ఉంచమని అడిగితే?"

"వీలుకాదండీ."

"నేను మీ నాన్నని."

"అందుకే అసలు వీలుకాదండీ."

ఆయన ఆమెకేసి అలా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"విన్నారుగా? నేను కట్టిన గోడ ఒక్కటైనా వంకరుందని చూపించండని జీవితమంతా ఛాతీ విరుచుకు తిరిగాను. ఇంత తిన్నగా నిలబడ్డదాన్ని మాత్రం ఇవాళే చూశాను. నాకు అభ్యంతరం లేదు. రాసుకోండి."

కూర్చుంటూ కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఉక్కపోత అని పక్కాయనకి చెప్పాడు. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

కమిటీ సభ్యులంతా సరేనంటూ చేతులెత్తారు. మ్యాప్ ఖాయమైంది. మొదటి చప్పట్లు కొట్టింది కిటికీలో కూర్చున్నవాళ్ళు. డ్రాఫ్ట్స్‌మన్ బాబాయ్ అయితే రెండువేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు, ముప్పై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి.

* * *

జనం పల్చబడ్డాక వరండా స్తంభం దగ్గర అతను నిలబడి ఉన్నాడు. బయట వాన సన్నగా పడుతోంది.

"ఆరోజు నేనన్న మాట..."

"ఏ మాట?"

"గుర్తులేదా?"

"లేదు."

"నిజంగా?"

"పొల్లు పోకుండా గుర్తుంది," అంది ఆమె.

"తిట్టండి. గట్టిగా తిట్టండి. మీరు చెప్పకపోతే అడగాల్సింది. అడగకుండా అనేశాను. మీరేమో సొంత ఇంటి మీదే గీత గీసి నిలబడ్డారు. వెనక నించుని చూస్తుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కన మా అమ్మేమో మీరు తన కూతురైనట్టు అందరికీ చూపిస్తోంది."

"నేనూ ముందే చెప్పాల్సింది," అంది ఆమె. "మీ మొహం మారిపోతుందేమోనని భయపడ్డాను. అధికారులు అలాంటివాటికి భయపడకూడదు."

"నా మొహం గురించి భయపడ్డారా?" అతని కళ్ళలో ఏదో వెలిగింది. "మేడమ్, పొలం పని అయిపోయింది. ఇక ఆఫీసుకి రావడానికి నాకు సాకు లేదు."

"అభ్యంతరాలకి గడువు ముగిసిందండీ."

"అభ్యంతరం కాదు. అభ్యర్థన. మీరంటే నాకు ఇష్టం. ఆ ఉపన్యాసం రోజునుంచే. జీవితాంతం వినాలనుంది."

ఆమె వానకేసి చూసింది, చేతిలో స్కేలుకేసి చూసింది. చివరికి అతనికేసి చూసింది. "మధ్యలో అడ్డం రాకూడదు మరి."

"ఇందాకటినుంచి వింటున్నాను," అంటూ నాన్న వెనకనుంచి వచ్చాడు. ఇద్దరూ ఉలిక్కిపడి తలా ఒక అడుగు వెనక్కి వేశారు. "నువ్వేనా అబ్బాయ్ మా అమ్మాయిని అనుమానించింది?"

"నేనే అండీ."

"నేను తిట్టుకున్నాను, నువ్వు అనుమానించావు. ఇద్దరం ఇద్దరమే. సరే, పొలంలో ఇల్లు కట్టనివ్వదు. రేపు దీన్ని ఎక్కడ ఉంచుతావు?"

"బండ మీద మీరు కడతారుగా. పై అంతస్తు నాకివ్వండి. అక్కడినుంచి మా పొలం కనపడుతుంది."

"మీరిద్దరూ బేరాలాడుకుంటున్నారు సరే, నన్నెవరూ అడగరా?" అంది స్కేలమ్మ.

"చెప్పు తల్లీ."

"పై అంతస్తే బాగుంటుంది," అంది నేలకేసి చూస్తూ. ఉపన్యాసాలిచ్చే గొంతు ఎటు పోయిందో, ఆ మూడు ముక్కలకే తడబడింది.

అంతలో కమిటీ సభ్యుడొకాయన మెట్లు దిగుతుంటే నాన్న చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "సార్, చూశారుగా, ఆ మ్యాప్ గీసింది మా అమ్మాయే." ఛాతీ ఉప్పొంగిపోతోంది. ఊపిరి తీసుకుని పక్కకి చూపించాడు. "వీరు మా అల్లుడుగారు."

కుర్రాడు ఆ పిలుపుకి బిక్కచచ్చిపోయాడు. గొడుగు విప్పుకుంటూ వచ్చిన అతని తల్లి అది విననే వింది.

"ఆ 'గారు' తీసెయ్యండి అన్నయ్యగారూ," అంది. "ఇప్పటికే మాట వినడు, నెత్తికెక్కి కూర్చుంటాడు." ఆ గొడుగు తెచ్చి కోడలి తలమీద పట్టింది. కొడుకు తడుస్తూ నవ్వుతూ వెనక నడిచాడు.