శుక్రవారం కడుగుడు బంద్

"మీ మందు వేసినంక ఇంకో చేప పోయింది. ఖుషీయేనా?"

హనుమకొండలోని తన అక్వేరియం షాపులో రమాకాంత్ తలెత్తాడు. ఎదురుగా వానలో తడిసిన అమ్మాయి. పేరు యమున. చూపులతోనే షాపు తగలబెట్టేలా ఉంది.

"ఫోన్ల ఫొటో చూసి మచ్చల రోగం అనుకున్న మేడమ్."

"పేషెంట్‌ను చూడకుండనే మందిస్తరా?"

"తప్పే. పదండ్రి, ఇంటికొచ్చి చూస్త."

ఇంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. తిట్టడానికి దాచుకున్న మాటలు సగం మిగిలిపోయాయి.

యమున వాళ్ల హాల్లో ట్యాంక్ అద్దంలా మెరుస్తోంది. వాస్తు కోసం తెచ్చిన తొమ్మిది చేపల్లో మిగిలినవి మూడే. అవీ నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. రమాకాంత్ వంగి చూశాడు. తెల్ల మచ్చలు లేవు. రెక్కలు ముడుచుకున్నాయి, మొప్పలు ఎర్రబడ్డాయి. చిన్న గాజు గొట్టంలో ఆ నీళ్లు పట్టి పరీక్ష చుక్కలు వేస్తే ఆకుపచ్చగా మారాయి.

"అమ్మోనియా. వాటి మలమే విషమైతాంది. ట్యాంక్ ఎవరు కడుగుతాండ్రు?"

"నేనే," అంటూ నానమ్మ అనసూయ వచ్చింది. "ప్రతి శుక్రవారం, దేవుని సామాన్లతోపాటు. నీళ్లన్నీ పారబోసి, ఫిల్టర్ స్పాంజి నల్లా కింద పెట్టి రుద్దుత."

"అమ్మా, ఆ విషాన్ని తినే మంచి బ్యాక్టీరియా స్పాంజిలనే ఉంటది. నల్లా నీళ్ల క్లోరిన్‌కు అది చచ్చిపోతాంది."

"నా శుభ్రాన్నే తప్పు పడ్తవా? చస్తే చచ్చినయ్. ఇంటి దోషం అవే తీస్కపోతయ్. కొత్తయి తెస్తం."

"మన దోషం మోసుడు వాటి పనా నానమ్మా?" యమునకు ఒళ్లు మండింది. "జబ్బు మనం తెచ్చినం. మనమే నయం చెయ్యాలె."

ఆ రోజు నుంచి మేత తగ్గించారు. క్లోరిన్ పోయే మందు కలిపి రోజూ పావు వంతు నీళ్లు మార్చారు. అందుకు రమాకాంత్ రోజూ వచ్చాడు.

"బకెట్ నీళ్లు నేను పొయ్యలేనా? రోజూ రావాల్నా?" అంది యమున.

"డాక్టర్ రౌండ్స్ మేడమ్."

"మరి రౌండ్సుకు సెంటెందుకు?"

పాపం, డాక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకు ఆ చెవులు తెగ నచ్చాయి.

మొదటి శుక్రవారం యమున ట్యాంక్ కడిగే బ్రష్ దాచేసింది. రెండో శుక్రవారం నానమ్మ కొత్త బ్రష్‌తో దిగింది. యమున ట్యాంక్‌కు అడ్డంగా నిలబడింది.

"ఎవ్వరు ముట్టద్దు!"

"ఆ పొలగాడు ఏది చెప్తే అదేనా? అసలు చేపల కోసం వస్తాండా, నీ కోసమా?"

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన రమాకాంత్ అక్కడే ఆగిపోయాడు.

"నా కోసమే," అంది యమున. "చేపలకు మొన్ననే నయమైంది. అయినా రమ్మన్నది నేనే. నాకిష్టం."

నానమ్మ ట్యాంక్ వైపు చూసింది. మూడు చేపలూ రెక్కలు విప్పి హాయిగా తిరుగుతున్నాయి. ఆమె బ్రష్ కింద పెట్టింది.

"మీ ఇంటోళ్లను తోల్కరా పిలగా. అడగంగనే పిల్లనిస్తననుకోకు."

"ఇచ్చుడేంది నానమ్మా?" అంది యమున, రమాకాంత్ చెయ్యి పట్టుకుని. "నేనే పోత."