పడవలో ఎదురెదురుగా

"ఏమండీ, ఎక్కింది మా పడవే. మరి వెళ్ళబోయేది ఎటు?"

కెప్టెన్ నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది. చెరువు గట్టున పడవలు అద్దెకిచ్చే రేకుల షెడ్డు ఆమెది, వాళ్ళ నాన్నది. ఆదివారం వచ్చిందంటే పిల్లాపాపలతో ఊళ్ళో సంసారాలన్నీ అక్కడే. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, తెడ్డు వెయ్యడం నేర్పి, గోల చేసేవాళ్ళని ఒక్క కేకతో కూర్చోబెడుతుంది కాబట్టి అందరూ ఆమెను కెప్టెన్ అనే పిలుస్తారు.

పడవెక్కిన యువకుడు ముందు పలక మీదే కూర్చున్నాడు. కాకపోతే పడవ ముక్కుకి వీపు పెట్టి, కెప్టెన్ కూర్చోవలసిన వెనక పలకకి ఎదురుగా.

"ఎటేమిటండీ, అటేగా?" అని భుజం మీదుగా బొటనవేలు చూపించాడు. "నిన్న వీడియో చూసొచ్చాను. తెడ్డు వేసేవాళ్ళు వెనక్కి తిరిగే కూర్చుంటారు."

"అది పెద్ద తెడ్లు పడవకే బిగించి ఉంటే. ఇది చేత్తో పట్టుకునే తెడ్డు. ముందుకి చూడాలి."

"మా మామయ్య కళ్ళ డాక్టరక్కా!" అంది గట్టు మీద నుంచి ఎనిమిదేళ్ళ మేనకోడలు, అదేదో గొప్ప సాక్ష్యం చెబుతున్నట్టు.

"కళ్ళ డాక్టరుకే ముందేదో వెనకేదో తెలీకపోతే ఇంక మా గతేం కాను!"

అతనికి రోషం వచ్చింది. తిరిగి కూర్చుందామని చటుక్కున లేచి నిలబడ్డాడు. "లేవకండీ!" అంటూ కెప్టెన్ పడవ అంచు పట్టుకుంది. మరుక్షణం ఇద్దరూ నడుం లోతు నీళ్ళలో ఉన్నారు. మేనకోడలు చప్పట్లు కొట్టింది.

"నా కళ్ళజోడు..." అంటూ తడుముకుంటున్నాడతను. కెప్టెన్ కాలి వేళ్ళతో వెతికి, పైకి తీసి, అతని చేతిలో పెట్టింది. అతను ఆ తడి అద్దాలతోనే ఆమె వైపు చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు.

"ఇప్పుడు బాగానే కనబడుతోందండీ" అన్నాడు.

తిడదామని నోటిదాకా వచ్చిన మాట కెప్టెన్‌కి ఎటో పోయింది. అందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆ వచ్చే ఆదివారం అతనికి శిక్ష వేసింది. లేచి నిలబడకుండా, కాళ్ళు పలక మీదుగా అటు నుంచి ఇటు వేసుకుని, పడవ కదలకుండా తిరిగి కూర్చోవాలి. వందసార్లు. ఎలా తిరగాలో చూపించడానికి వెనక పలక మీద ఆమె కూడా తిరగాల్సి వచ్చేది. ఇద్దరూ ఒకేసారి తిరిగితే పడవ అస్సలు ఊగదని అలా తెలిసింది.

మూడు ఆదివారాలు మేనకోడలు వచ్చింది. నాలుగో ఆదివారం పిల్లకి పరీక్షలట, మేనమామ ఒక్కడే వచ్చాడు. పరీక్షలు అయిపోయి సెలవులిచ్చారు. మేనమామ ఇంకా ఒక్కడే వస్తున్నాడు.

"వెనక పలక మీద ఎప్పుడు కూర్చోనిస్తారు?" అని అడిగాడొకరోజు.

"అది నా చోటు. పడవ ఎటు పోవాలన్నది వెనకున్నవాళ్ళ చేతిలోనే ఉంటుంది. మా నాన్నకే ఇవ్వను."

"మీ నాన్నగారు అదృష్టవంతులు. ముందు కూర్చుని కళ్ళు మూసుకోవచ్చు."

షెడ్డులో పలకకి చిత్రిక పడుతున్న నాన్న నవ్వడం ఇద్దరికీ వినబడింది.

నాన్న వడ్రంగి. చెరువు మీద ఏటా జరిగే కుటుంబాల పడవ పందెంలో తను చేసిన చెక్క పడవతో, కూతురితో కలిసి ఆరేళ్ళుగా పోటీ చేస్తున్నాడు. ఆరేళ్ళూ రెండో స్థానమే. వచ్చే ఏడాది నుంచి అందరికీ ఒకేరకం ఫైబర్ పడవలని కమిటీ చెప్పేసింది. చెక్క పడవకి ఇదే ఆఖరి పందెం. సరిగ్గా నెల ముందు నాన్న కుడి భుజం పట్టేసింది. రోజూ సాయంత్రం ఎడమ చేత్తో పడవకి నూనె రుద్దుతూ కూర్చునేవాడు. అది చూసినప్పుడల్లా కెప్టెన్‌కి ఒక్కటే అనిపించేది. నాన్న పడవ ఒక్కసారైనా గెలవాలి, అంతే.

"డాక్టర్ని రమ్మనమ్మా" అన్నాడు నాన్న.

"ఇద్దరూ ఒకే కుటుంబం వాళ్ళయి ఉండాలి నాన్నా. రూలు తెలీనట్టు మాట్లాడతావేం?"

"ఫారం నేను నింపుతాలే. నువ్వు తెడ్డు సంగతి చూసుకో."

"ఏం రాస్తావు?"

"నిజమే రాస్తాను" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పందెం రోజు పొద్దున్నే తుంపర మొదలైంది. డాక్టరు కళ్ళజోడుకి తాడు కట్టుకుని వచ్చాడు. పన్నెండు పడవలు. చెరువు మధ్యలో పాతిన కర్రకి రిబ్బన్లు కట్టారు. ఒక రిబ్బను తెంపుకుని ముందుగా వెనక్కి వచ్చినవాళ్ళదే గెలుపు. వరసగా మూడేళ్ళు గెలిచిన బేకరీ దంపతులు ఈసారీ బాణంలా దూసుకుపోయారు. కెప్టెన్ పళ్ళు బిగించి తెడ్డు వేసింది. కర్ర దగ్గరికి చేరేసరికి వాళ్ళు రెండోవాళ్ళు.

ఎప్పుడూ ఓడిపోయేది ఇక్కడే. పొడుగాటి చెక్క పడవ తిరగాలంటే చాలా చోటు కావాలి. ఆ చోట్లో ఇప్పుడు బేకరీ వాళ్ళ పడవ అడ్డంగా తిరుగుతోంది. వెనక నుంచి మిగతా పడవలు మీదికి వస్తున్నాయి. వాన పెరిగింది.

డాక్టరు రిబ్బను తెంపాడు. కెప్టెన్ తల పట్టుకుంది. "అయిపోయింది! తిరగడానికి చోటు లేదు!"

"పడవ ఎందుకు తిరగాలి? మనం తిరుగుదాం!"

నాన్న చేసిన పడవకి రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. తిరిగితే వెనకది ముందవుతుంది. ఆమె ముందుకి, అతను వెనక్కి వస్తారు. దారి అతని చేతిలోకి పోతుంది. నాన్న పడవ, ఆఖరి పందెం, ఆరేళ్ళ ఎదురుచూపు, అన్నీ అతని చేతిలోకే. ఆమె ఒక్క క్షణం అతని కళ్ళలోకి చూసింది.

"తిరుగు!" అంది. అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

ఇద్దరి కాళ్ళూ ఒకేసారి లేచాయి. పడవ ఊగలేదు. బేకరీ వాళ్ళు ఇంకా తిరుగుతుండగానే వీళ్ళు గట్టు దారి పట్టారు.

"నువ్వు చూడకు, వెయ్యి! దారి నేను చూస్తున్నా!" వెనక నుంచి అరిచాడతను. కెప్టెన్ తల తిప్పలేదు. ఎవరో దారి చూస్తుంటే ఉన్న బలమంతా తెడ్డులో పెట్టడం ఎంత హాయిగా ఉంటుందో ఆమెకి ఆ రోజే తెలిసింది. గట్టు మీద కేకలు, చప్పట్లు, నాన్న ఎడమ చెయ్యి గాల్లో. పడవ ముక్కు బేకరీ వాళ్ళకంటే ఒక్క మూర ముందు గట్టుని తాకింది.

నాన్న పడవ మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అంతలో బేకరీ ఆయన గొంతు లేచింది. "బాగా ఆడారు, కాదనను. కానీ ఈ డాక్టరుగారు వీళ్ళకేమవుతారు? రూలు రూలేగా!"

కమిటీ పెద్దావిడ, రిటైరైన లెక్కల టీచరు, ఫారం విప్పి, డాక్టరు దగ్గర చేయించుకున్న కళ్ళజోడే పెట్టుకుని, పైకి చదివింది.

"బంధుత్వం: కాబోయే అల్లుడు. వాళ్ళిద్దరూ ఇంకా ఒకరికొకరు చెప్పుకోలేదు. నాకు మాత్రం షెడ్డులోంచి అంతా కనబడుతూనే ఉంది."

కెప్టెన్ ముఖం కందగడ్డ అయింది. "నాన్నా!"

"ఇది నిజమేనా అమ్మాయ్?" అంది టీచరు. "నువ్వు ఔనంటే కప్పు మీది. కాదంటే వాళ్ళది."

"ఆగండి" డాక్టరు అడ్డం వచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా కెప్టెన్ వైపు తిరిగాడు. "కప్పు కోసం ఔననొద్దు. కప్పు వాళ్ళకే పోనీ. తర్వాత నేను తీరిగ్గా అడుగుతాను. నువ్వంటే నాకు ప్రాణం. మొదటి రోజు నీళ్ళలో పడ్డప్పటి నుంచీ. అది కప్పుతో ముడిపెట్టే మాట కాదు."

కెప్టెన్ అతన్ని చూసింది, పడవని చూసింది, నాన్నని చూసింది.

"కప్పు ఇవ్వకపోయినా ఔననే అంటాను టీచర్" అంది. "ఇస్తే మాత్రం వద్దనను."

గట్టంతా ఈలలతో, చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది బేకరీ ఆయన భార్యే. మేనకోడలు పరుగెత్తుకొచ్చి, "అక్కా, ఇకనుంచి నిన్ను అత్తా అనాలా?" అని అడిగింది.

వాన వెలిశాక, కప్పు నాన్న ఒళ్ళో పెట్టి, పడవని షెడ్డుకి చేర్చడానికి ఇద్దరే బయల్దేరారు. కెప్టెన్ వెనక పలక మీద కూర్చుంది. అతను ముందు పలక ఎక్కాడు. పడవ ముక్కుకి వీపు పెట్టి, ఆమెకి ఎదురుగా.

"డాక్టరుగారూ, తిరగబడి కూర్చున్నారు."

"ఈసారి తెలిసే కూర్చున్నా."

కెప్టెన్ సరిచెయ్యలేదు. తెడ్డు అందుకుని, షెడ్డు దారి వదిలేసి, పడవని చెరువు మధ్యకి తిప్పింది.