వన్స్‌మోర్ అనకండి

ధవళేశ్వరంలో నేను ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, ఫోను తీసేసరికి మా గ్రూపులో అప్పటికే కచేరీ మొదలైపోయి ఉంటుంది. పద్యనాటకాలంటే చెవి కోసుకునేవాళ్ళ గ్రూపు అది. పిఠాపురంలో ఉండే భాస్కరం మాస్టారు దానికి పెద్ద. ఆ పూట ఎవరు ఏం వింటున్నారో గ్రూపులో పెట్టడం మా ఆచారం. ఒకరు పాత రికార్డు పెడతారు, ఇంకొకరు ఏదో ఊరి జాతర తీర్థంలో ఫోనుతో తీసుకున్న ముక్క పెడతారు. పాలకొల్లులో నర్సుగా చేసే రూబీ మంచి మంచివి పెడుతుంది గానీ, ఆవిడ పెట్టినవి ఒక్కటీ తెరుచుకుని చావవు.

నిజం చెప్పాలంటే మేము పద్యాల గురించి మాట్లాడుకునేది తక్కువ, అవి డౌన్‌లోడ్ కాకపోవడం గురించి ఏడ్చేది ఎక్కువ. సున్నా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ఏదో సైట్లో అపురూపమైన పద్యం ఉందని నొక్కితే ముందు పేకాట ప్రకటన, తర్వాత మోకాళ్ళ నొప్పుల తైలం, ఆఖరికి ఎవరిదో పెళ్ళి బ్యాండు. "దీనికన్నా సైకిలు తొక్కుకుంటూ పక్కూరెళ్ళి నాటకం చూసి రావడమే సుఖం తల్లీ" అంటారు మాస్టారు.

పద్యం తెరుచుకుంటే మాత్రం కింద అందరూ రాసేది ఒకే మాట. వన్స్‌మోర్.

నాటకాలు చూడనివాళ్ళకు ఇది చెప్పాలి. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అని అరుస్తారు. అరిచాక నటుడు మళ్ళీ పాడాల్సిందే, కథ ఎక్కడున్నా సరే. యుద్ధంలో బాణం తగిలి చచ్చిపడినవాడు కూడా లేచి, పంచె దులుపుకుని, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోతాడు. చిన్నప్పుడు అది చూస్తే నాకు నవ్వాగేది కాదు. "చచ్చినా వదలరా నాన్నా వీళ్ళు?" అని అడిగితే, "అడిగేవాళ్ళుండాలే గానీ చావుదేముందే తులసీ" అనేవాడు మా నాన్న.

మా నాన్న వీరబ్రహ్మం పగలు తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. రాత్రయితే రాజు. ముఖానికి రంగు పూసుకుని కిరీటం పెట్టుకుంటే నేనే ఒక అడుగు వెనక్కి వేసేదాన్ని. పద్యం ముగించాక జనం వైపు చెయ్యి చాపి, "చాలా బాబూ?" అని అడగడం ఆయన అలవాటు. చాలు అన్నవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

పోయిన వేసవిలో కోనసీమలో ఒక ఊరి తీర్థంలో అదే రాజు వేషం. రాజు ప్రాణం విడిచే పద్యం. జనం వన్స్‌మోర్ అన్నారు, లేచి పాడాడు. మళ్ళీ అన్నారు, మళ్ళీ లేచాడు. ఆ పాడడంలో పడిపోయినవాడు ఇక లేవలేదు. అదీ నటనే అనుకుని జనం చాలాసేపు చప్పట్లు కొట్టారట. గుండె ఆగిందని తర్వాత డాక్టరు చెప్పాడు.

అమ్మ నా పసితనంలోనే పోయింది. ఇంట్లో నాన్నా నేనూ, ఇద్దరమే. ఇంత పాడిన మనిషి గొంతు నా దగ్గర ఒక్క ముక్క లేదు. క్యాసెట్లు ఎప్పుడో వరదకు తడిసి బూజుపట్టాయి. ఆయన ఫోను ఆ రాత్రి గందరగోళంలో ఎవరి చేతిలో పడిందో తెలీదు. ఫోటో ఉంటే దండ వేసుకుంటాం, గొంతుకి ఏం వేసుకుంటాం? నెలలు గడిచేకొద్దీ ఆ గొంతు నా చెవుల్లోంచి జారిపోతోంది. "తులసీ" అని ఎలా పిలిచేవాడో గుర్తు తెచ్చుకోబోతే ఒక్కోరోజు రావడం లేదు. మనిషి పోయినప్పటికన్నా దానికే ఎక్కువ ఏడ్చాను.

అందుకే గణేష్‌బాబు వాయిస్ మెసేజ్ వచ్చినప్పుడు రెండుసార్లు పెట్టుకుని విన్నాను. ఆ తీర్థంలో మైకుసెట్టు అతనిదే. "అక్కా, ఆ రోజు మిక్సర్‌కి పెన్‌డ్రైవ్ పెట్టే ఉందండి. ఇన్నాళ్ళూ నేను చూసుకోలేదు. గురువుగారి నాటకం మొత్తం ఎక్కిందండి. ఫైలు బరువుగా ఉంది, వాట్సాప్‌లో పట్టదు, లింకు పంపుతున్నాను."

లింకు పంపాడు. అక్కడి నుంచి నా తిప్పలు మొదలయ్యాయి. ఆఫీసులో పెడితే సగంలో పోయేది. బ్యారేజీ గట్టు మీద నిలబడి పెట్టాను, మేడెక్కి పెట్టాను, తెల్లారకముందే లేచి పెట్టాను. అంతా వచ్చేసింది అనుకునేసరికి ఆగిపోయేది. 'మళ్ళీ ప్రయత్నించండి' అంటుంది ఫోను, నేనేదో ప్రయత్నించనట్టు. లింకు గ్రూపులో కూడా పెట్టాను, అందరికీ అదే గతి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదని మాస్టారు ఎకసెక్కమాడారు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. ఆ రోజు మధ్యాహ్నం నుంచే వాన. ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశాను. దీపాల వేళకు ముందే చీకటి పడిపోయింది. వంటగదిలో బియ్యం కడుగుతుంటే గట్టు మీద ఉన్న ఫోను టింగుమంది. చూస్తే, ఫైలు మొత్తం వచ్చి ఉంది. ఆ పూట నేను దాన్ని ముట్టుకోనే లేదు.

అక్కడే నేల మీద కూర్చుని విన్నాను. హార్మోనియం, జనం గోల, పీచుమిఠాయివాడి గంట... ఆ తర్వాత నాన్న. ఎంత మరిచిపోయానో ఆ గొంతు విన్నాకే తెలిసింది. చివర్లో చిన్న జీర ఉంటుంది, అది కూడా మరిచిపోయాను. రాజు పద్యం పాడాడు. వన్స్‌మోర్ అన్నారు. పాడాడు. మళ్ళీ అన్నారు. మూడోసారి రాగం పైకి వెళ్ళి, అక్కడ తెగి... ధన్‌మని చెక్కబల్ల మీద పడిన చప్పుడు. హార్మోనియం కాసేపు ఒంటరిగా మోగి ఆగిపోయింది.

ఎంతసేపు ఏడ్చానో తెలీదు. ఏడుస్తూనే సంతోషంగా ఉంది. ఆ సంతోషం ఒక్కదాన్నే దాచుకోలేక, చివరి పద్యం ఒక్కటీ కత్తిరించి గ్రూపులో పెట్టాను. పడిపోయిన చప్పుడు ఎవరూ వినకూడదని దానికి ముందే కోసేశాను. 'మా నాన్న' అని రాశాను. అంతే.

వాళ్ళ తప్పేం లేదు. అలవాటు. ముందు రూబీ రాసింది, వన్స్‌మోర్ అని.

వెనక గదిలో శ్రుతి మోగింది.

వెనక గది నాన్న పనిగది. ఆయన ఉలులు, చిత్రికలు, వేషాల పెట్టె, శ్రుతిపెట్టె అన్నీ అక్కడే ఉన్నాయి. పద్యాలు వినడానికి కొనుక్కున్న చిన్న స్పీకరు కూడా అక్కడే పెట్టేవాడు. ఫోను దానికి కలిసి ఉంటుందిలే అనుకున్నాను. పద్యం మొదలైంది. అదే రాగం, అదే జీర. నేను కళ్ళు మూసుకుని విన్నాను కూడా.

ఆ తర్వాత ధన్‌మని చప్పుడు.

ఆ చప్పుడు నేను కోసేశాను కదా...

పైగా అది ఒక్క చెవికే వినబడలేదు. కూర్చున్న చోట నేల అదిరింది.

తలెత్తి చూశాను. స్పీకరు వంటగది అలమారలో, పప్పుల డబ్బాల పక్కనే ఉంది. ఛార్జింగు లేక చాలా రోజులుగా నేనే అక్కడ పడేశాను.

ఫోను టింగుమంది. ఎవరో వన్స్‌మోర్.

లోపల ఎవరో చేతులు నేలకు ఆనించి లేస్తున్నారు. మోకాళ్ళు పటుక్కుమన్నాయి. నాన్న మోకాళ్ళు అలాగే అనేవి. కాళ్ళ గజ్జెలు ఒక్కసారి కదిలాయి. టేకుపొట్టు వాసన, కొబ్బరినూనె, ముఖాన పూసుకునే రంగు వాసన నడవలోకి వచ్చాయి. మళ్ళీ పద్యం. ఈసారి గొంతు కొంచెం తగ్గింది. మధ్యలో ఊపిరి అందక ఆగాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు. పడ్డాడు.

టింగ్. టింగ్.

ఆపండి అని గ్రూపులో రాశాను. పోలేదు. మెసేజు పక్కన గడియారం గుర్తు అలాగే నిలబడింది. వాళ్ళవి వస్తున్నాయి, నాది పోవడం లేదు. మళ్ళీ లేచాడు... పద్యం సగంలో దగ్గు... "మంచినీళ్ళు..." అన్నాడు, చాలా మెల్లగా, పక్కన ఎవరో ఉన్నట్టు. పడ్డాడు. ఆ పడినచోటి నుంచే ఇంకోసారి లేచాడు.

మాస్టారికి ఫోను చేశాను. దేవుడి దయ, కలిసింది.

"మాస్టారూ, వన్స్‌మోర్ అనొద్దని చెప్పండి అందరికీ."

"ఏంటమ్మా? గొంతేంటి అలా ఉంది?"

"అన్నప్పుడల్లా లేస్తున్నాడండి. లేచి పాడి పడిపోతున్నాడు. ఓపిక లేదండి ఆయనకి."

మాస్టారు గొంతు తగ్గించి అడిగారు. "ఆ వెనక పాడేది... రికార్డే కదా తులసమ్మా?"

"కాదండి."

"ఆపిస్తాను. నువ్వు ఆ గదిలోకి మాత్రం వెళ్ళకు."

ఆయన మాట నిలబెట్టుకున్నారు. 'దయచేసి ఎవరూ వన్స్‌మోర్ అనకండి. వీరబ్రహ్మంగారిని ఇక విశ్రాంతి తీసుకోనిద్దాం' అని గ్రూపులో రాశారు. అందరూ ఆపేశారు. ఆ వెంటనే కరెంటు పోయింది, ఫోన్లో సిగ్నలూ పోయింది.

చీకట్లో వాన చప్పుడు. వెనక గదిలో ఊపిరి చప్పుడు.

వెళ్ళొద్దని మాస్టారు చెప్పారు. కానీ దాహమన్న మనిషికి నీళ్ళివ్వకుండా ఎలా ఉంటాను? ఫోను గట్టు మీదే వదిలేసి, స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, గోడ పట్టుకుని నడిచాను. తలుపు ఓరగా ఉంది. ఆ తలుపు కూడా ఆయన చేసిందే. లోపల ఏమీ కనబడలేదు. కనబడకపోవడమే మేలనిపించింది. వంగి, గ్లాసు గుమ్మం లోపల పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

గ్లాసు నేల మీద గీసుకుంటూ లోపలికి వెళ్ళింది.

గుటకలు... గుక్క తిప్పుకోకుండా తాగాడు.

ఆ తర్వాత, నా మొహానికి ఎదురుగా, చాలా దగ్గరగా...

"చాలా అమ్మా?"

అంతే అడిగాడు. జనాన్ని అడిగినట్టే. చాలు అంటే పడుకుంటాడు. నాకు తెలుసు. అంతమంది ఏనాడూ అనని ఒక్క మాట. కానీ అన్నానంటే ఈ గొంతు మళ్ళీ వినను. తులసీ అని ఒక్కసారి పిలిపించుకుని అప్పుడు అందామా అనిపించింది. పిలవమని నోటిదాకా వచ్చింది. ఆ ఊపిరి వింటూ ఇంకో పద్యం అడగడానికి మనసెలా ఒప్పుతుంది?

"చాలు నాన్నా," అన్నాను. "పడుకో."

ఈసారి పడిన చప్పుడు కాదు. అలిసిపోయిన మనిషి మెల్లగా ఒరిగిన చప్పుడు. రంగు వాసన పలచబడింది. గుమ్మంలోనే కూలబడి నా తండ్రి కోసం కడుపారా ఏడ్చాను.

కరెంటు వచ్చింది. గదిలో ఎవరూ లేరు. శ్రుతిపెట్టె మీద దుమ్ము దుమ్ములాగే ఉంది. ఖాళీ గ్లాసు మాత్రం గుమ్మం దగ్గర ఉంది, అంచున ఎర్రటి పెదవిరంగు అంటుకుని. దాన్ని కడగాలనిపించలేదు. చేత్తో పట్టుకుని వంటగదిలోకి వచ్చాను, మాస్టారికి దండం పెట్టి రెండు మాటలు రాద్దామని.

ఇందాక నేను ఆపండి అని రాసింది ఎక్కడా లేదు. మాస్టారి మెసేజు కింద, నా పేరుతో, ఒక్కటే మాట ఉంది.

వన్స్‌మోర్.

నేను రాయలేదు. అప్పుడు ఫోను గట్టు మీద ఉంది, నేను గుమ్మం దగ్గర ఉన్నాను. కానీ రాయలేదని దీపం ముందు ఒట్టు వేయమంటే వేయలేను. నోరు చాలు అన్నప్పుడు లోపల ఏం అనుకున్నానో నాకు తెలుసు.

సిగ్నల్ ఇంకా రాలేదు. మాట పక్కన గడియారం గుర్తు అలాగే ఉంది. పోకముందే తీసేయొచ్చు. వేలు దాని మీద పెట్టి నొక్కిపట్టుకోవాలి, అంతే. వేలు పెట్టాను, నొక్కిపట్టలేదు. ఇన్నాళ్ళూ సిగ్నల్ కోసం మేడలెక్కినదాన్ని, ఇప్పుడు రాకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. గట్టిగా వేడుకున్నానా అంటే... ఏమో.

గడియారం గుర్తు పోయింది. ఒక టిక్కు. రెండో టిక్కు.

వెనక గదిలో మోకాళ్ళు పటుక్కుమన్నాయి.

ఈసారి ఇంకో చప్పుడు కూడా ఉంది. మా వెనక గదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకు చోటుండదు. కానీ అక్కడ చాపలు పరుచుకుంటున్నారు... చాలామంది సర్దుకుని కూర్చుంటున్నారు... ఎవరో ఏడుస్తున్న పిల్లాణ్ణి ఉష్ అని ఊరుకోబెడుతున్నారు.

నేను ఆ గ్లాసులోనే మళ్ళీ నీళ్ళు పోశాను.