ఆవిరి లేని సౌనా

శనివారం సాయంత్రం సౌనాలో ఆవిరిస్నానం లేకపోతే హెల్యుకి అది శనివారమే కాదు. పెరటి చివర యాపిల్ చెట్ల అవతల, దుంగలతో కట్టిన పొగ సౌనాలోనే ఆమె పుట్టింది. భర్త పోయినప్పుడు ఆఖరి స్నానం చేయించిందీ అందులోనే. అలాంటి మనిషికి ఆకులు రాలే రోజుల్లో డాక్టరు ఒక్క మాటలో తేల్చి చెప్పేశాడు. పొగ వద్దు, ఆవిరి వద్దు, ఆ ఊపిరితిత్తులు ఇక ఓర్చుకోలేవు. అప్పటినుంచి ఆవిడ తిండి తగ్గింది, మాట తగ్గింది. తగ్గనిదల్లా గొంతులో పిల్లికూతలే.

తల్లి కిటికీ దగ్గర కూర్చుని చూస్తూంటే తాము మాత్రం వెళ్లి స్నానం చేయడానికి మనసొప్పక, కూతురు మార్యె, అల్లుడు ఉర్మాస్ కూడా సౌనా రాజేయడం మానేశారు. అమ్మ ఈ చలికాలం దాటుతుందా అన్న దిగులు మార్యెని ఒక పట్టాన నిద్రపోనిచ్చేది కాదు. గోడ అవతల ఆ పిల్లికూతలు వింటూ పడుకునేది. అవి ఆగితే లేచి కూర్చునేది.

ఇన్‌ఫ్రారెడ్ సౌనా సంగతి ఆమెకి ఆసుపత్రి వరండాలో ఎవరో చెప్పారు. పొగ ఉండదు, ఆవిరి ఉండదు. బీరువాలాంటి చెక్క గది, గోడల్లో కరెంటు పలకలు. ఇంట్లోనే ఒక మూల పెట్టుకోవచ్చు. ముగ్గురూ కలిసి తార్తు పట్నంలో కొట్టుకి వెళ్లారు.

కొట్టు కుర్రాడు మహా వాగుడుకాయ. దేవదారు వాసనొస్తుందన్నాడు, లిండెన్ చెక్కయితే వాసన గొడవే లేదన్నాడు, పింగాణీ కడ్డీల కంటే కార్బన్ పలకలు ఒంటికి హాయి అన్నాడు. హెల్యు అన్నీ విని ఒకటే అడిగింది.

"నీళ్లెక్కడ పొయ్యాలి నాయనా?"

"నీళ్లు పొయ్యకూడదు బామ్మగారూ. వేడి నేరుగా ఒంట్లోకి దిగుతుంది."

"మరి లెయిల్?"

కుర్రాడు నవ్వేసి ఊరుకున్నాడు. వేడి రాళ్ల మీద నీళ్లు చల్లితే లేచేదాన్ని అక్కడివాళ్లు లెయిల్ అంటారు. ఆవిరి అనుకోవచ్చు. కానీ ముసలివాళ్ల నోట ఆ మాటకి ఊపిరి అనీ అర్థం ఉంది, పోయేటప్పుడు మనిషిలోంచి పోయే ప్రాణమనీ ఉంది. కుర్రాడికి ఆ గొడవ తెలీదు. తెలిసినా బేరం చెడగొట్టుకునే రకం కాడు.

"ఒక్కరు కూర్చునేది చాలదా అమ్మా?" అంది మార్యె.

"శనివారం నేనెప్పుడు ఒక్కదాన్నే కూర్చున్నానే?"

ఇద్దరు పట్టే లిండెన్ చెక్కదే కొన్నారు.

స్నానాలగది పక్కన ఊరగాయ సీసాలు పెట్టుకునే కొట్టుగది ఖాళీ చేశారు. ఉర్మాస్ నేల మట్టం చూశాడు, కరెంటు మనిషిని పిలిచి వేరే తీగ లాగించాడు, గోడల్ని ఒకదానికొకటి కొక్కేలతో బిగించాడు. వెనక గోడ తలకిందులుగా పెట్టి, దాన్ని తయారుచేసినవాడి వంశాన్నంతా తిట్టి, మళ్లీ విప్పి పెట్టాడు. అద్దం తలుపు బిగించాక మీట నొక్కితే లోపల ఎర్రగా వెలుగు పరుచుకుంది.

"ఇక మహారాణిలా కూర్చోండి అత్తయ్యా," అన్నాడు.

మొదటి శనివారం ఆమె కూర్చుంది. ఒళ్లు వెచ్చబడింది, చెమట పట్టింది. మార్యె ప్రాణం కుదుటపడింది. కానీ బయటికొచ్చిన తల్లి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"వాళ్లకేం వదలను?"

ఆ మాట కోసం మార్యె భయపడుతూనే ఉంది. ఆ ఊళ్లో శనివారం ఆఖరుగా స్నానం చేసినవాళ్లు రాళ్ల మీద ఇంకో గరిటెడు నీళ్లు పోసి, గోరువెచ్చటి నీళ్ల బకెట్టు, ఒంటికి కొట్టుకునే బిర్చ్ చెట్టు కొమ్మల కట్ట అక్కడే ఉంచి తలుపు వేసి వచ్చేస్తారు. ఆ లెయిల్ ఇంట్లో పోయినవాళ్ల వంతు. ఆ తరవాత ఎవరూ అటు వెళ్లరు.

"లోపల కరెంటుందమ్మా. నీళ్లు పోస్తే ఇల్లు తగలబడుతుంది."

"వాళ్లు ఎదురుచూస్తారే. మీ నాన్నకి ఓపిక తక్కువ."

"నాన్నకి నేను చెప్పుకుంటాలే," అని మార్యె నవ్వేసింది.

తరవాతి వారాల్లో కొట్టుగదిలో కొత్త చెక్క వాసన పోయి, తడి బిర్చ్ ఆకు వాసన వేయసాగింది. దాని వెనకే కాస్త పొగచూరిన వాసన. ఉర్మాస్ ముక్కు చీది తనకేం తెలియడం లేదన్నాడు. హెల్యు ఊపిరి మాత్రం రోజురోజుకీ చిక్కిపోతోంది. మార్యె కాలుకాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. గిన్నె తీసి ఎందుకు తీసిందో మరిచిపోయేది.

క్రిస్మస్ ముందు శనివారం. మధ్యాహ్నం దాటగానే చీకటి పడింది. ఉర్మాస్ మందుల కోసం పట్నం వెళ్లాడు. మార్యె మీట నొక్కి, తల్లిని లోపల కూర్చోబెట్టి, పెరట్లోంచి కట్టెలు తెచ్చుకుంది. తిరిగొస్తూ కొట్టుగది ముందు నుంచి నడిచింది.

లోపల కొమ్మల కట్టతో ఒళ్లు కొట్టుకుంటున్న చప్పుడు. తడిగా... మెల్లగా. అద్దం నిండా ఆవిరి.

ఆమె ఆగలేదు, ఆలోచించలేదు. ఎవరైనా స్నానం చేస్తూంటే అటుగా వెళ్లేవాళ్లు అనే మాట పుట్టినప్పటినుంచీ నోటికి అలవాటు. అదే వచ్చేసింది.

"లెయిల్‌కి కరువు రాకూడదు!"

"కావలసిందే," అన్నారు లోపలినుంచి.

ఆ జవాబూ అలవాటుదే. కానీ అన్నది ఒక్క గొంతు కాదు.

"ఎవరితోనే మాట్లాడుతున్నావు?"

అది అమ్మ గొంతు. వంటింట్లోంచి.

మార్యె చేతిలో కట్టెలు జారిపోయాయి. హెల్యు వంటింటి కుర్చీలో తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉంది. కూతురి మొహం చూసి గొంతు తగ్గించింది.

"ఏమన్నావు వాళ్లతో?"

"మామూలు మాటే... కరువు రాకూడదని..."

"అందులో లెయిల్ లేదు కదే పిచ్చిపిల్లా. ఎక్కణ్ణుంచి తీసుకుంటారు?"

ఆ మాట సగంలోనే ఆమెకి దగ్గు తెర వచ్చింది. ఊపిరి లోపలికి పోతోంది. బయటికి రావడం లేదు. మార్యె వెనక్కి తిరిగి చూసింది. తెరిచిన తలుపుల్లోంచి ఆ అద్దం కనిపిస్తోంది. ఆవిరి కొంచెం తగ్గింది... మళ్లీ పరుచుకుంది. తగ్గింది... పరుచుకుంది. అమ్మ ఛాతీ ఎగిసినప్పుడల్లా.

మార్యె ఒక్క ఉరుకున వెళ్లి అద్దం మీద రెండు చేతులూ ఆనించింది.

"నాన్నా... అమ్మని వదిలెయ్. సౌనా రాజేస్తాను. ఇప్పుడే రాజేస్తాను."

కొమ్మల చప్పుడు ఆగింది. లోపల ఎవరో జరిగి కూర్చున్నారు... చోటిస్తున్నట్టు.

వెనక అమ్మ కుర్చీ కిర్రుమంది. పిల్లికూతలు ఆగిపోయాయి.

మార్యె ఏం చేస్తోందో తనకే తెలీదు. గోడ మీది మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది. ఇల్లంతా చీకటి. తడుముకుంటూ అద్దం తలుపు తెరిచింది. పీట తడుమితే పొడిగా ఉంది. నేల పొడిగా ఉంది. చల్లగా ఉంది, ఎప్పుడూ వేడెక్కనట్టు. అప్పుడు వెచ్చటి, తడి గాలి ఒకటి ఆమె బుగ్గ పక్కనుంచి బయటికి పోయింది. వంటింటి వైపు.

"అమ్మా?"

గోడ పట్టుకుని వంటింటి గడప దాకా వచ్చింది.

"ఇక్కడే ఉన్నానే," అంది హెల్యు. గొంతులో జీర లేదు. "హాయిగా ఉంది. దీపం వెయ్యి."

మార్యె ఆమె ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపంతా సంతోషమే. పోయిందనుకున్న అమ్మ దక్కింది. ఉర్మాస్ వచ్చి సంగతి విని, యంత్రం పనిచేసిందన్నాడు. డాక్టర్లకంటే కొట్టు కుర్రాడే నయమన్నాడు. ఆ రాత్రి గోడ అవతల ఏ చప్పుడూ లేదు. మార్యె పసిపాపలా నిద్రపోయింది.

తెల్లారి ఆకాశం నిర్మలంగా ఉంది. ముక్కు రంధ్రాలు అంటుకుపోయేంత చలి. హెల్యు చేతికర్ర లేకుండా గడప దాటి పెరట్లోకి నడిచింది. మంచులో నిలబడి అల్లుడితో పరాచికాలాడింది, నువ్వు బిగించిన గోడ ఇప్పటికీ వంకరేనంది. ఉర్మాస్ పగలబడి నవ్వాడు. అతని నోట్లోంచి తెల్లటి ఆవిరి గుప్పున లేచింది. మార్యె నోట్లోంచీ లేచింది.

హెల్యు ఇంకా నవ్వుతూనే ఉంది. నోరు బాగా తెరిచి నవ్వుతోంది. ఆమె పెదాల ముందు గాలి ఖాళీగా, స్వచ్ఛంగా ఉంది.

మార్యె నవ్వు ఆగిపోయింది. ఉర్మాస్ పార తేవడానికి కొట్టం వైపు వెళ్లాడు. హెల్యు కూతురి దగ్గరికి వచ్చింది. రెండు అరచేతులూ ఎత్తి, ఆమె నోటి ముందు లేస్తున్న ఆ తెల్లటి ఆవిరిలో పెట్టి, కళ్లు మూసుకుని, వేళ్లు మెల్లగా తిప్పుకుంది.

"ఎంత వెచ్చగా ఉందే," అని గొణిగింది. "ఇంకొంచెం ఊదమ్మా."

మార్యె ఊదింది. అమ్మే కదా అడిగింది.