సీటు కింద నీలం వైరు

"మీ ఆవిడ బతికే ఉంది," అన్నాడు చీఫ్. "సాయంత్రం ఓడ కదిలేవరకు."

ఏజెంట్ కూర్చోబోయి సగంలో ఆగిపోయాడు. తుపాకీ గురిపెట్టినా చెమట పట్టని మనిషి. ఆ ఒక్క ముక్కకి కుర్చీ ఎక్కడుందో మర్చిపోయాడు.

సంగతి ఇదీ. వాళ్లావిడ కూడా ఆ ఆఫీసు మనిషే. ట్రాన్స్‌మిటర్లూ, బగ్గులూ, పెన్నుల్లో మైకులూ అన్నీ ఆమె చేతి పని. మొన్న విదేశీ ముఠా వాడే నల్ల కారులో, మాటలు దొంగచాటుగా వినే బగ్ పెట్టడానికి వెళ్లింది. పెట్టింది కూడా. బయటికొస్తూ దొరికిపోయింది. ఓడలో దేశం దాటించేస్తారని కబురొచ్చింది కానీ, ఎక్కడ దాచారో ఎవరికీ తెలియదు. దాటించారంటే ఇక ఆమె గురించి ఏ ప్రభుత్వమూ నోరెత్తదు.

"బగ్ పనిచేస్తోంది కదా సార్?"

"భేషుగ్గా. మొన్నటి నుంచీ దగ్గులు వింటున్నాం."

దగ్గులే ఎందుకంటే, బగ్ పెట్టిన దగ్గర్నుంచీ ఆ కారులో స్టీరియో మూగబోయింది. ముఠా నాయకుడు, ఫైళ్లలో వాడి పేరు తెల్లసూటు, మహా జాగ్రత్త మనిషి. పాట హోరుమంటుంటే తప్ప నోరు విప్పడు. ఏ రహస్యమైనా ఆ హోరులో పక్కవాళ్ల చెవి దగ్గర అరిచి చెప్పడం వాడి పద్ధతి. స్టీరియో శబ్దం పెంచే యాంప్లిఫయర్ బాగయ్యేదాకా తనతో పని మాటలు మాట్లాడొద్దని నెమలిని కసురుకోవడం ఒక్కటే బగ్‌లో పడిన పనికొచ్చే ముక్క.

నెమలి అనేది కోడ్ నేమ్. వాడి కారు నడుపుతుంది. చూస్తే కళ్లు తిప్పుకోలేని అందం. ఇక్కడి మాటలు అక్కడికీ, అక్కడి మాటలు ఇక్కడికీ చేరవేస్తూ రెండు పడవల మీద కాళ్లు పెట్టి హాయిగా బతికేస్తోంది. అసలు ఎవరి మనిషో ఆవిడకైనా తెలుసో లేదో.

ఆవిడ కారుని ఇవాళ స్టీరియో షాపుకి తెస్తోంది. అక్కడ మెకానిక్ స్థానంలో ఏజెంట్ ఉండాలి. యాంప్లిఫయర్ మోగాలి. బగ్ ఎవరి కంటా పడకూడదు. తెల్లసూటు మాట్లాడాలి.

"పాట అంత గట్టిగా మోగుతుంటే మన బగ్‌కి వాడి మాట ఎలా వినిపిస్తుంది సార్?"

చీఫ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "అది నువ్వే చూసుకోవాలి."

ఇలాంటి మాటలు చెప్పగలడనే ఆయన్ని చీఫ్ చేశారు కాబోలు.

వేషం మాత్రం అదిరింది. గ్రీజు మరకల ఓవరాల్, మందపాటి కళ్లద్దాలు, పెట్టుడు మీసం. లోపలున్న మనిషికే ఏమీ రాదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా స్టూలెక్కేది వాళ్లావిడ, స్టూలు పట్టుకునేది ఇతను. ఇయర్‌పీస్‌లో సలహా చెప్పడానికి కూడా ఆఫీసులో దిక్కులేదు. ఈ పని తెలిసిన ఒక్క మనిషినీ ఎక్కడో కట్టి పడేశారు.

నెమలి వచ్చింది. కారు దిగి, సౌండ్ అస్సలు రావట్లేదని చెప్పి, స్టూలు లాక్కుని తలుపు పక్కనే కూర్చుంది. అతని మొహం వంక చూడలేదు. వేళ్ల వంకే చూస్తోంది. అది ఇంకా ప్రమాదం.

స్టీరియో ఆన్ చేశాడు. దాని తెర మీద పాట పేరు పరిగెడుతోంది, స్పీకర్లలో చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. ముందు సీటు వెనక్కి జరిపి చెయ్యి పెట్టాడు. ఇనప పెట్టెలా యాంప్లిఫయర్ తగిలింది. దాని వెనక అగ్గిపెట్టె అంత బగ్ తగిలింది. చెయ్యి చటుక్కున పక్కకి జరిపాడు.

"ఫ్యూజు చూడు," అన్నాడు చెవిలో చీఫ్. ఆయనకి తెలిసింది అదొక్కటే.

ఫ్యూజు పీకి వెలుగులో పట్టుకున్నాడు. నిక్షేపంలా ఉంది. లావుపాటి ఎర్ర వైరు మీద మీటర్ పెట్టాడు. బ్యాటరీ కరెంటు పూర్తిగా వస్తోంది. ఎర్త్ బోల్టు బిగించి చూశాడు. ఏమీ మారలేదు. స్పీకర్ వైరు గుచ్చుకుని వేలు తెగింది, అంతే. ఏం చెయ్యాలో పాలుపోలేదు. నెమలి ఒకసారి గోళ్లు చూసుకుంది, ఒకసారి వాచీ చూసుకుంది. ఈపాటికి ఓడ రేవులో పొగ వదులుతూ ఉంటుంది.

అన్నం తినేటప్పుడు వాళ్లావిడ ఈ కబుర్లన్నీ చెప్పేది. ముందు కరెంటు, తర్వాత ఎర్త్, తర్వాత నిద్రలేపే వైరు. అతను పేపర్ చదువుకుంటూ ఊఁ కొట్టేవాడు. నిద్రలేపే వైరేమిటి? యాంప్లిఫయర్ దగ్గర ఇంకా ముట్టుకోనిది సన్నటి నీలం వైరు ఒక్కటే. స్టీరియో ఆన్ అవగానే 'లే, పని చెయ్యి' అని యాంప్లిఫయర్‌కి చెప్పేది అదే అయ్యుండాలి. మీటర్ పెట్టాడు. ముల్లు సగం కూడా లేవలేదు.

మ్యాట్ ఎత్తి నీలం వైరు వెంట వేలు పోనిచ్చాడు. మధ్యలో వెంట్రుకలాంటి ఇంకో వైరు దానికి చుట్టి ఉంది. ఎంత పొందికైన ముడి. ఇంట్లో అన్ని వస్తువుల్లోనూ అలాంటి ముడులే ఉంటాయి. దొరికిపోతానన్న కంగారులో వాళ్లావిడ, చేతికి దగ్గరగా ఉన్న నీలం వైరు నుంచే బగ్‌కి కరెంటు ఇచ్చేసింది. ఆ వైరులో వచ్చేదే చారెడు. అది బగ్ తాగేస్తుంటే యాంప్లిఫయర్ ఇంకేం లేస్తుంది?

అంటే బగ్ బతికితే పాట చావాలి, పాట బతికితే బగ్ చావాలి. పాట లేకపోతే తెల్లసూటు నోరు విప్పడు. బగ్ లేకపోతే విప్పినా లాభం లేదు. అతనికి గట్టిగా ఏడవాలనిపించింది. మెకానిక్‌లు ఏడవరు కాబట్టి ముక్కు తుడుచుకుని, ఆ ముడి విప్పేశాడు.

యాంప్లిఫయర్ మీద పచ్చ లైటు వెలిగింది. పాట షాపంతా దద్దరిల్లింది. నెమలి మొదటిసారి నవ్వింది.

చెవిలో చీఫ్ గోల మొదలైంది, బగ్ ఆగిపోయింది, ఏం చేశావని. జవాబు చెప్పే వీల్లేదు. చెప్పినా ఆ పాటలో ఆయనకి వినపడదు.

రిపేరు చేసినవాడు ట్రయల్‌కి బండెక్కడం ఆ షాపుల పద్ధతి. పోనివ్వండి మేడం, ఎక్కడైనా ఆగితే చూస్తానని వెనక సీట్లో ఎక్కాడు. నెమలి కాదనలేదు. వీధి చివర తెల్లసూటు నిలబడి ఉన్నాడు. ముందు సీట్లో ఎక్కి, వెనకున్న మెకానిక్‌ని పురుగుని చూసినట్టు చూసి, వాల్యూమ్ చివరికంటా తిప్పాడు.

వెనక స్పీకర్లు రెండూ ఏజెంట్ చెవుల పక్కనే ఉన్నాయి. తలలో రోలు తిప్పుతున్నట్టుంది. ముందు ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. పెదాలు కదులుతున్నాయి, ఒక్క అక్షరం అందట్లేదు. కట్టుకున్న మనిషి ఎక్కడుందో చెప్పే మాటలు మూరెడు దూరంలో పుట్టి మూరెడు దూరంలోనే పోతున్నాయి. చెయ్యగలిగింది ఏమీ లేదు. జారిపోయిన పెన్సిలేదో వెతుకుతున్నట్టు వంగి, ముందు సీటు కింద ఆ వెంట్రుక వైరు కొస పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు. ఆమె చెయ్యి పట్టుకున్నట్టుంటుందని కావచ్చు.

అప్పుడు నెమలి ఏదో అడిగింది. తెల్లసూటు వినపడలేదని చెయ్యి ఊపాడు. ఆవిడ మళ్లీ అడిగింది. వాడు విసుగ్గా ఆవిడ చెవి వైపు వంగాడు, మెడ నరాలు ఉబ్బేలా ఊపిరి పీల్చాడు.

ఏజెంట్ వైరు కొసని నీలం వైరుకి ఆనించాడు. పాట చచ్చిపోయింది. బగ్ బతికింది.

"మూడో రేవులో, వలల పెట్టెలో ఉందని చెప్పానా!"

ఆ అరుపు నిశ్శబ్దంలో కారు అద్దాలకి కొట్టుకుంది. తెల్లసూటు నోరు మూయడం కూడా మర్చిపోయాడు.

నెమలి అద్దంలోంచి వెనక్కి చూసింది. సీటు కిందున్న చేతినీ చూసింది, వేళ్ల మధ్య వైరునీ చూసింది. ఆవిడ ఒక్క మాట అంటే చాలు, ఇటు ఇతనూ, అటు పెట్టెలో ఆమె, ఇద్దరూ పోతారు.

ఆవిడ కారు పక్కకి తీసి ఆపింది. "రిపేరు రానివాడివి షాపెందుకు పెట్టావు? దిగు," అంది.

దిగాడు. కారు వెళ్లిపోయింది. బగ్ వింటూ వెనకే వస్తున్న ఆఫీసు వాళ్ల రొట్టెల వ్యాన్ తలుపు తెరుచుకుంది. చీఫ్ లోపల్నుంచి చెయ్యి అందించాడు.

మూడో రేవుకి వాళ్లు చేరేసరికి క్రేన్ పెట్టెని నేల మీద నుంచి లేపేసింది. చీఫ్ తుపాకీ చూపించాక ఆపరేటర్ మెల్లగా దించాడు. తెల్లసూటుని ఓడ మెట్ల దగ్గర పట్టుకున్నారు. కారు అక్కడే ఉంది, నెమలి లేదు.

పెట్టె పగలగొట్టి వలలు లాగేస్తే, అడుగున ఆమె ఉంది. చేతులకి తాళ్ల గాట్లు, పెదవి చిట్లి ఉంది. ఆమె కళ్లు తెరిచి పెట్టుడు మీసం వంక కాసేపు చూసింది. అతను చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఊపిరి కుదుటపడ్డాక జరిగిందంతా చెప్పాడు. నీలం వైరు, ముడి, పచ్చ లైటు, పాట ఆగడం. ఆమె శ్రద్ధగా వింది.

"అంటే మీరు బాగు చేసింది ఏమీ లేదు," అంది. "ఆడుతున్నదాన్ని సరైన టైముకి పాడు చేశారు."

"అవును."

"అదైతే మీరు చెయ్యగలరని నాకెప్పుడూ నమ్మకమే."