బూజు దొంగ

పరుగు!

ద్రాక్ష సాళ్ళ మధ్య పడి మైలీస్ పరిగెడుతోంది. ఇంకా సరిగ్గా తెల్లారలేదు. సిరాన్ ఏటి మీంచి లేచిన పొగమంచు ఫ్రాన్సులోని ఆ సోతెర్న్ తోటలన్నిటినీ మింగేసింది. చాచిన చెయ్యి కనిపించట్లేదు.

ముందెక్కడో... స్స్‌స్... స్స్‌స్...

స్ప్రేయర్!

వాడే! మందు కొట్టి మూడు మడుల్లో బూజుని చంపేసినవాడు!

ఇంకెక్కడైనా ద్రాక్షకి బూజు పడితే రైతు ఏడుస్తాడు. ఇక్కడ పట్టకపోతే ఏడుస్తాడు. బూజు పట్టి కాయ ముడుచుకుపోతేనే ఆ తేనెలాంటి వైన్! రెండేళ్ళు వానలు ముంచాయి. నాన్న అర్మాన్ ఒక్క సీసా కూడా నింపలేదు. ఈసారీ పోతే తోట అమ్మకమే.

అందుకే నాన్న గట్టు మీద తుపాకీతో కూర్చున్నాడు. పిట్టల్ని తోలే తుపాకీ... ఇవాళ పిట్టల కోసం కాదు.

నాన్న పేల్చేలోపు వాణ్ణి పట్టుకోవాలి! దొంగే కావచ్చు... నాన్న చేతికి నెత్తురు అంటకూడదు!

"మంచులో తిరిగే మనవాళ్ళు ఈల వెయ్యాలి," నిన్న భోజనాల దగ్గర నాన్న చెప్పాడు. "ఈల వెయ్యని నీడ దొంగే!"

"అయితే నేను చచ్చాను మావయ్యా! నాకు ఈల రాదుగా!"

అలా నవ్వించినవాడు కొరెంటిన్. మైలీస్ మొగుడు. పెళ్ళయి నెల కాలేదు. రోజూ పక్కలో అతనికి ఈల నేర్పుతుంది. బుగ్గలుబ్బించి "ఉఫ్" అంటాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వుతారు. రోజూ చీకటితో లేచి బేకరీకి వెళ్ళి, దిండు పక్కన వేడి వేడి కనెలే కేకులు పెడతాడు. పైన కరకర, లోపల వెన్న. ఆ వాసనకే ఆమెకి మెలకువ.

ఇవాళ మాత్రం ముందే మెలకువ వచ్చింది.

కాలికేదో తగిలింది. కాగితం సంచి!

తీసింది. వేడిగా ఉంది.

లోపల రెండు కనెలేలు...

"కొరెంటిన్?"

స్స్‌స్ ఆగిపోయింది.

మంచులోంచి స్వెటర్ బయటికొచ్చింది. ఆమె అల్లిందే. వీపున స్ప్రేయర్.

"అరవకు మైలీస్..."

"నువ్వా! రోజూ బేకరీకి పోయేది ఇందుకా?"

"బేకరీకీ వెళ్ళాను."

"ఎందుకు చేశావ్?"

"తోట పోతేనే నువ్వు నాతో సముద్రం దగ్గర మా ఊరికొస్తావు."

"రానన్నానా? ఎప్పుడైనా అడిగావా?"

"అడిగాను. నువ్వు కిటికీలోంచి తోట వైపు చూశావు."



"ఎవర్రా అక్కడ?" గట్టు మీంచి నాన్న. "ఈల వెయ్యి!"

కొరెంటిన్ బెదిరాడు. స్ప్రేయర్ విదిలించుకుని ఒక్క దూకు!

"పరిగెత్తకు! నా పక్కనే ఉండు!"

పోయాడు. నేరుగా గట్టు వైపే!

ఈల... ఈల వెయ్యాలి! తన ఈల నాన్నకి తెలుసు!

పెదాలు బిగించింది. ఏడుపుకి అదురుతున్నాయి.

ఉఫ్...

మళ్ళీ. ఉఫ్... అచ్చం అతనిలాగే. గాలి తప్ప ఏమీ లేదు.

గొంతు చించుకుని అరిచింది. "నాన్నా!"

మంచులో కూతురి కేక. పరిగెడుతున్న నీడ.

"భయపడకు తల్లీ! నేనున్నా!"

ఢాం!