నాలుగు కాపురాల పెట్టె

“ఎనిమిది జీబీ ర్యామా? ఎందుకండీ, గేములాడతారా?”

కౌంటర్ అవతల నిలబడ్డ అమ్మాయికి ఆ ప్రశ్నతో కోపం రాలేదు. ఎండలో నడిచొచ్చిన మొహం చున్నీతో తుడుచుకుని తాపీగా చెప్పింది.

“ఒకే పెట్టెలో నాలుగు కాపురాలు పెట్టాలి.”

మణిదీప్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. రాజమండ్రి దానవాయిపేటలో షాపు తెరిచిన దగ్గర్నుంచీ రకరకాల బేరాలు చూశాడు. రైసుమిల్లు లెక్కల కోసం కంప్యూటర్ అడిగినవాళ్ళున్నారు. పెళ్ళి వీడియోల మిక్సింగ్ కోసం అడిగినవాళ్ళున్నారు. కాపురాల కోసం వచ్చింది ఈమే.

“అర్థం కాలేదండి.”

“వర్చువల్ మెషీన్లు. ఒక కంప్యూటర్లోపల నాలుగు కంప్యూటర్లు. ఒకదాంట్లో విండోస్ రెండు వేలు, ఒకదాంట్లో ఎక్స్‌పీ, ఒకదాంట్లో విస్టా, ఇంకోదాంట్లో లినక్స్. నాలుగూ ఒకేసారి నడవాలి. ఎవరి వాటా వాళ్ళది. పక్క వాటాలో ఎవరున్నారో రెండోవాళ్ళకి తెలియకూడదు.”

“అద్దె ఎవరిస్తారండి?”

“ముందు మీరు ఇల్లు కట్టండి.”

మణిదీప్‌కి హుషారొచ్చింది. “అయితే క్వాడ్ కోర్ ప్రాసెసర్ వేద్దామండి. ఈమధ్యే కొత్త మోడల్ దిగింది. వేడెక్కదు, కరెంటు తక్కువ తాగుతుంది.”

“వద్దు. దానికి ముందొచ్చిన పాత మోడల్ కావాలి.”

“కొత్తది ఉండగా పాతదేంటండి?”

“మీరు చెప్పే కొత్తదాంట్లో వర్చువలైజేషన్ సదుపాయం తీసేశారు. పాతదాంట్లో ఉంది.”

“కొత్తదాంట్లో తీసేయడమేంటండీ. కొత్తదంటే అన్నీ ఉంటాయి.”

“చూడండి పోనీ.”

చూశాడు. నెట్‌లో ఆ పేజీ పైనుంచి కిందకి బద్ధకంగా దిగింది. ఆఖరి వరుస కనబడేసరికి మణిదీప్ మొహం కూడా దాంతోపాటే కిందకి దిగింది.

“పాతదే తెప్పిస్తానండి.”

ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండుననిపించింది అతనికి. పరువు కొంచెమైనా దక్కించుకోవాలని మళ్ళీ అందుకున్నాడు.

“ఒక్క మాటండి. నాలుగు కాపురాలకీ ఒకటే కుళాయి అయితే పొద్దున్నే బిందెలతో కొట్టుకుంటారు. నాలుగు మెషీన్లూ ఒకే హార్డ్ డిస్క్ మీద పడితే ఎంత ర్యామ్ ఉన్నా నత్తనడకే. రెండు డిస్కులు వేసి, రెండేసి కాపురాలు పంచుదాం.”

ఆ మాటకి ఆమె మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది.

“అది నాకు తట్టలేదు,” అంది.

ఆమె పేరు రూబీ. ఊరు నరసాపురం. హైదరాబాద్‌లో రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసింది. తండ్రి పోయాక తల్లి ఒంటరిదైంది. తల్లి ఊరు వదలదు, కూతురు తల్లిని వదల్లేదు. చివరికి పాత కంపెనీ ఒక అవకాశమిచ్చింది. ఆస్పత్రుల కోసం వాళ్ళు తయారుచేసిన ప్రోగ్రామ్‌ని నాలుగు రకాల సిస్టమ్‌ల మీద ఒకేసారి, మూడు రోజులపాటు ఎక్కడా ఆగకుండా నడిపి చూపించాలి. చూపిస్తే నరసాపురంలో కూర్చునే ఉద్యోగం. చూపించలేకపోతే లేదు. 2009లో ఇంట్లోంచి ఉద్యోగమంటే చుట్టుపక్కల ఎవరూ నమ్మలేదు. కంపెనీ కూడా సగమే నమ్మింది.

సామాను వచ్చిందని కబురందగానే రూబీ రైలెక్కి వచ్చేసింది. తను చూస్తుండగానే బిగించాలంది. చూస్తుండగా అంటే దూరంగా కూర్చుని అనుకున్నాడు మణిదీప్. ఆమె స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

ప్రాసెసర్ మీద బఠానీ గింజంత పేస్టు పెట్టి, దానిమీద వేడి లాగేసే హీట్ సింక్ కూర్చోబెట్టి, నాలుగు మూలలా నొక్కాడు.

“నాలుగు మూలలా టక్‌మందా?” అంది రూబీ.

“అందండి.”

“నాకు మూడే వినబడ్డాయి.”

“నాలుగోది నా గుండె చప్పుడులో కలిసిపోయిందండి,” అనబోయి మింగేశాడు. మళ్ళీ నొక్కి చూపించాడు.

పవర్ బటన్‌ నుంచి వచ్చే తీగలు వెంట్రుకల్లా ఉంటాయి. వాటిని చోటు చూసి గుచ్చడానికి అతనికి ఎప్పుడూ టార్చిలైటు, పట్టకారు, ఓపిక మూడూ కావాలి. రూబీ ఒంటిచేత్తో చకచకా గుచ్చేసింది.

“ఎక్కడ నేర్చుకున్నారండి?”

“లేసు అల్లికలో. మా ఊళ్ళో ఆడపిల్లలకి పలకకంటే ముందు లేసు సూది ఇస్తారు. నాకు అదంటే పడదు. ఆ మాటంటే మా అమ్మకి నేను పడను.”

మెషీన్ ఆన్ అయింది. తెరమీద ఎనిమిది జీబీ అని పడగానే ఇద్దరూ ఒకేసారి ముందుకి వంగారు. తల తలకి తగిలింది. “సారీ” అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఇద్దరూ వెనక్కి జరగడానికి మాత్రం కొంచెం టైం తీసుకున్నారు.

లారీలో వేస్తే కుదుపులకి ఏమవుతుందోనని ఆ పెట్టెని మణిదీప్ తనే ఒళ్ళో పెట్టుకుని నరసాపురం ప్యాసింజర్లో తీసుకెళ్ళాడు. రూబీ ఇంట్లో టీవీకి లేసు గుడ్డ, ఫ్రిజ్‌కి లేసు గుడ్డ, ఫోన్‌కి లేసు గుడ్డ. వరండాలో నలుగురు ఆడవాళ్ళు లేసు అల్లుతున్నారు. వాళ్ళకి దారం ఇచ్చి పని చేయించే దీనమ్మ రూబీ తల్లి. అతనికి మజ్జిగిచ్చి, పెట్టెని చుట్టూ తిరిగి చూసింది.

“ఇంత పెద్దదేంటి బాబూ. బీరువాలా ఉంది.”

“నాలుగు కాపురాలండి లోపల.”

“మరి నల్లగా, బోడిగా ఉందేం?”

ఆ మాట అతను పట్టించుకోలేదు. అక్కడే పొరబాటు పడ్డాడు.

మర్నాడు ఫోన్.

“ఆగిపోయింది,” అంది రూబీ. “మధ్యాహ్నం నేను పాలకొల్లు ఇన్‌స్టిట్యూట్‌లో క్లాసు చెప్పడానికెళ్ళాను. వచ్చేసరికి చచ్చి పడుంది. మళ్ళీ ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు లేచింది.”

“కరెంటు పోయిందేమోనండి.”

“ఇన్వర్టర్ ఉంది.”

మణిదీప్ వెళ్ళాడు. రోజంతా దాని ఎదురుగా కూర్చున్నాడు. పెట్టె శుభ్రంగా పనిచేసింది. అనుమానంతో పవర్ సప్లై మార్చి వచ్చేశాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ఆగింది. మళ్ళీ వెళ్ళాడు. ర్యామ్ మార్చాడు. అతనున్నంతసేపూ నాలుగు కాపురాలూ చల్లగా సాగాయి.

“మీరుంటే బుద్ధిగా ఉంటుంది. మీరు వెళ్ళగానే పడుకుంటుంది,” అంది రూబీ. “దీనికి మీరంటే ఇష్టంలా ఉంది.”

“దానికేనాండి?”

రూబీ వినబడనట్టు మౌస్ కదిపింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. “కంపెనీ ఇంకొక్కసారి చూస్తామంది. సోమవారం మొదలుపెట్టాలి. ఈసారి ఆగితే ఇక అడగొద్దన్నారు.”

తిరుగు రైల్లో మణిదీప్ అన్నీ మళ్ళీ పేర్చుకున్నాడు. పెట్టె ఆగేది మధ్యాహ్నమే. రూబీ లేనప్పుడే. తను లేనప్పుడే. తప్పు మెషీన్‌దైతే దానికి మనుషులతో పనేంటి? అంటే ఎవరూ చూడనప్పుడు దాన్ని ఎవరో ఏదో చేస్తున్నారు.

శనివారం చెప్పకుండా బయల్దేరాడు. రూబీ క్లాసులో ఉండే వేళకి ఆ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. వరండాలో ఎవరూ లేరు. దీనమ్మ లోపలి గదిలో కునుకు తీస్తోంది. ముందుగదిలోకి తొంగిచూసి అక్కడే ఆగిపోయాడు.

పెట్టె పెళ్ళికూతురిలా ఉంది.

పైనుంచి కింద దాకా తెల్లటి లేసు ముసుగు. అంచంతా గులాబీలు, ద్రాక్షగుత్తులు. దుమ్ము పడకుండా లోపల మందపాటి లైనింగ్ గుడ్డ కూడా వేసి కుట్టారు. గాలి పోవడానికి సూదిమొనంత సందు లేదు. ముసుగు ఎత్తి చెయ్యి పెడితే పెట్టె పొయ్యి మీద పెనంలా ఉంది. ఫ్యాన్లు ఊపిరాడక రొద పెడుతున్నాయి.

“ఎవరది?” దీనమ్మ లేచొచ్చింది. “నువ్వా బాబూ. అది తియ్యకు, దుమ్ము పడుతుంది. అమ్మాయికి లేసంటే చిరాకు. అందుకే తను వెళ్ళాక కప్పి, వచ్చే వేళకి తీసేస్తున్నా.”

“నడుస్తున్నప్పుడు కప్పకూడదండి.”

“నడవట్లేదుగా. తెర నల్లగా ఉంది చూడు. కట్టేసే ఉంది.”

మణిదీప్ మౌస్ కదిపాడు. నల్ల తెర వెలిగింది. నాలుగు కిటికీల్లో నాలుగు మెషీన్లు పనిచేసుకుంటున్నాయి. లోపల వేడెక్కితే కాలిపోకుండా పెట్టె తనంతట తనే ఆగిపోతుందని నెమ్మదిగా చెప్పాడు.

దీనమ్మ కుర్చీలో కూలబడింది. ఆ ముసుగు ఒళ్ళోకి తీసుకుని, ఒక మూల దారం కొస పట్టుకుని విప్పడం మొదలెట్టింది.

“విప్పకండి ఆంటీ.”

“ఇదే నా కూతురి పొట్ట కొట్టింది కదా. దాన్ని చదివించింది ఈ లేసే. ఇప్పుడు దాని ఉద్యోగం పోగొట్టేది కూడా ఇదే అయితే, ఇక నా మొహం చూస్తుందా?”

“ఉద్యోగం పోలేదండి. సోమవారం దాకా టైముంది. మీరు కప్పకుండా ఉంటే చాలు.”

“ఏమైందని అడిగితే ఏం చెప్తావ్?”

గేటు చప్పుడుకి దీనమ్మ ముసుగు కుర్చీ వెనక్కి తోసేసింది. రూబీ వచ్చేసింది. అతన్ని చూడగానే ఆమె కళ్ళలో మెరిసింది కోపం కాదని మణిదీప్ ఖాయంగా చెప్పగలడు. ఆ మెరుపు నిలిచింది మాత్రం కొద్ది క్షణాలే.

“దొరికిందా?”

“దొరికిందండి. హీట్ సింక్ నేను సరిగ్గా బిగించలేదు. ఒక మూల ఊడి ఉంది. నా తప్పు.”

దీనమ్మ తలెత్తి అతనివైపు చూసింది.

“ఆరోజు నేనడిగాను,” అంది రూబీ. “మూడే వినబడ్డాయని చెప్పాను. నాలుగూ పడ్డాయన్నారు.”

“ఆయ్. అన్నానండి.”

“మీవల్ల రెండుసార్లు నా పని ఆగింది. మనిషి పొరబాటు పడొచ్చు. అడిగినప్పుడైనా నిజం చెప్పాలి కదా. ఇక మీరు రావద్దండి. ఏదైనా అయితే భీమవరంలో ఇంకెవరినైనా చూసుకుంటాను.”

భీమవరం అన్న మాట అతనికి గట్టిగా తగిలింది.

సోమవారం మొదలైన పరీక్ష గురువారం దాకా ఎక్కడా ఆగకుండా నడిచింది. ఆ మూడు మధ్యాహ్నాలూ దీనమ్మ పెట్టె పక్కనే కుర్చీ వేసుకుని, దగ్గరికెవర్నీ రానివ్వకుండా కాపలా కాసింది. ఉద్యోగం ఖాయమైంది. ఆ కబురు మణిదీప్‌కి ఫోన్‌లో రాలేదు. అతను చెయ్యి ఫోన్ దాకా తీసుకెళ్ళడం, వెనక్కి తీసుకోవడం మాత్రం చాలాసార్లు జరిగింది.

జూన్‌లో మొదటి వాన పడ్డ రోజు షాపులో ఒంటరిగా కూర్చున్నాడు. పాలకొల్లు ఇన్‌స్టిట్యూట్ యజమాని వీరబ్రహ్మం కొత్త ల్యాబ్ మొత్తం అతనికే ఇస్తానని, ఆఖరి నిమిషంలో వద్దన్నాడు. ఎందుకని అడిగితే మీ బిగింపు మంచిది కాదట అన్నాడు. ఎవరన్నారో అడగలేదు. అడగాల్సిన పనిలేదు.

గుమ్మంలో రెండు గొడుగులు ముడుచుకున్నాయి. ముందు దీనమ్మ, వెనక రూబీ.

“నాకు తప్పుడు రిపోర్ట్ ఎందుకిచ్చారు?” అంది రూబీ, నీళ్ళు కారుతున్న జడ వెనక్కి వేసుకుంటూ.

మణిదీప్ దీనమ్మ వైపు చూశాడు. ఆవిడ పైన తిరిగే ఫ్యాన్‌ని పరీక్షగా చూస్తోంది.

“నేను టెస్టర్ని. ఏది ఎక్కడ పాడైందో సరిగ్గా తెలుసుకోవడమే నా పని. మీరు చెప్పింది నమ్మి వీరబ్రహ్మం గారికి మీ గురించి చెడుగా చెప్పాను. మీ ఆర్డర్ పోగొట్టాను. రాత్రి అన్నం దగ్గర ఆ మాట చెప్తుంటే అమ్మ కంచం పక్కకి తోసి అంతా బయటపెట్టింది.”

“పోతే పోయిందండి ఆర్డర్.”

“అదే వద్దంటున్నాను. పొద్దున్న వెళ్ళి ఆయనకి జరిగింది చెప్పొచ్చాను. మీకు ఫోన్ చేస్తారు. అమ్మ మీద నేనేం కోప్పడతాననుకున్నారు? అడిగుంటే తెలిసేది. ఇంకోసారి నాకు అబద్ధం చెప్తే ఊరుకోను.”

“ఇంకోసారి ఉందాండి?”

బయట వాన ఒక్కసారిగా పెద్దదైంది. దీనమ్మ ఫ్యాన్ మీంచి చూపు దించింది.

“ఏం బాబూ, నా సంగతి నేను చెప్పేశాను. నీ సంగతి ఎప్పుడు చెప్తావ్? మాకు రైలు టైమవుతోంది.”

“నా సంగతేంటండి?”

“మా అమ్మాయంటే ఇష్టమా, కాదా?”

మణిదీప్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “ఇష్టమండి.”

“ఎప్పట్నుంచి?” అని అడిగింది రూబీ.

“నిజం చెప్పాలాండి?”

“ఇక మీద అన్నీ నిజాలే.”

“ఎప్పట్నుంచో తెలీదండి. తెలిసింది మాత్రం మీరు రావద్దన్న రోజు. రైలు పాలకొల్లు దాటేదాకా ఊపిరాడలేదు.”

రూబీ చూపు దించుకుంది.

“మీ ఇంట్లో ఏమంటారు?” దీనమ్మ పని వదల్లేదు. “మేం చర్చికెళ్ళేవాళ్ళం.”

“మా నాన్నకి తెలుసండి. ఊరికే నరసాపురం ఎందుకెళ్తున్నావన్నారు. వారంటీ పని అన్నాను. వారంటీకి ఇస్త్రీ చొక్కా ఎందుకురా అన్నారు. చర్చి సంగతి కూడా చెప్పాను. ఆదివారం అమ్మాయిని చర్చి దగ్గర దింపి, నువ్వు షాపు తెరుచుకో అన్నారు.”

“తెలివైనవాడే,” అంది దీనమ్మ.

“నన్నెవరూ అడగరా?” అంది రూబీ.

“అడక్కుండానే రైలెక్కించానా? దారంతా కిటికీలోంచి చూస్తూ నీలో నువ్వే నవ్వుకుంటుంటే, ఇంకా అడగాలా?” దీనమ్మ ఒక గొడుగు విప్పుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వానలోకి దిగింది. “స్టేషన్ దాకా సాగనంపు బాబూ,” అంటూ వెనక్కి చూడకుండా నడిచింది.

మణిదీప్ షట్టర్ దించాడు. రూబీ రెండో గొడుగు విప్పింది. పూలపూల గొడుగు, చంటిపిల్లకి కొన్నట్టు చిన్నది.

“ఇద్దరికీ సరిపోతుందా?” అంది.

“సరిపోతుందండి.”

పది అడుగులు వేసేసరికి అతని కుడి భుజం, ఆమె ఎడమ భుజం నిలువునా తడిసిపోయాయి. ఈ ఒక్క అబద్ధాన్ని మాత్రం రూబీ టెస్ట్ చేయలేదు.